‘సంతకం ఉంది కదా సార్!’

(ఒక మండల కేంద్రంలో ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు జరిగిన శిక్షణలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న సార్లు కొంచెం ముందుకు రండి. పిల్లల్ని వెనక బెంచీలో కూర్చోవద్దంటాం, మనం మాత్రం గోడకి ఆనుకునే కూర్చుంటాం. రండి, ఫ్యాను కింద ఖాళీ ఉంది.

ముప్పై ఒక్కేళ్లు బడిలో ఉన్నాను. ఆఖరి తొమ్మిదేళ్లు హెచ్.ఎం. కుర్చీలో. లా చదివింది సర్వీసులో ఉండగానే, నల్లకోటు వేసుకుంది మాత్రం రిటైరయ్యాక. కాబట్టి నన్ను పూర్తిగా లాయర్ అనుకోకండి. సగం మీ వాణ్నే.

ముందు ఒక ప్రశ్న. చట్టం అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? చెప్పండి, ఎవరైనా. పోలీసులు. సరే. సస్పెన్షన్. పేపర్లో ఫొటో... నిజమే. మేడమ్ గారేమంటున్నారు? టెన్షన్! అది అసలు మాట. అందరూ చెప్పారు, కానీ ‘నష్టపరిహారం’ అని ఒక్కరూ అనలేదు. గమనించారా? ఇంతమంది హెచ్.ఎం.లు, కరస్పాండెంట్లు ఉన్న హాల్లో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. మీ తప్పని కాదు. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు నాకూ తట్టలేదు.

జైలు వేరు, జేబు వేరు. క్రిమినల్ కేసంటే సర్కారు మిమ్మల్ని నిలబెట్టి ‘నేరం చేశావా’ అని అడగడం. సివిల్ బాధ్యత అలాంటిది కాదు. అక్కడ అడిగేది పిల్లాడి తండ్రి. ‘నా కొడుకు కాలు పోయింది. నువ్వు చూసుకోవాల్సిన టైములో పోయింది. ఈ నష్టం ఎవరు భరిస్తారు?’ ఇంతే. మీరు దుర్మార్గులని ఎవరూ నిరూపించక్కర్లేదు. మీరు ఎంత మంచివారైనా, ఇరవై ఏళ్లు ఉత్తమ ఉపాధ్యాయుడి శాలువాలు కప్పించుకున్నా, ఆ ఒక్క గంట జాగ్రత్తగా ఉన్నారా లేదా అన్నదే లెక్క.

ఎంత జాగ్రత్త? దీనికి పాత కొలత ఒకటుంది. 1893లో ఇంగ్లండులో ఒక కేసు. స్కూల్లో ఫాస్ఫరస్ పిల్లల చేతికి అందే చోట పెట్టారు, ఒక కుర్రాడికి కాలింది. జాగ్రత్తపరుడైన తండ్రి తన పిల్లల్ని ఎలా చూసుకుంటాడో మాస్టారు అలా చూసుకోవాలని కోర్టు చెప్పింది. మన దేశంలో ఈ విషయానికి సెక్షన్ల వారీగా ఒక పుస్తకం లేదు, తీర్పుల మీదే నడుస్తోంది. కొలత మాత్రం దాదాపు అదే. నన్నడిగితే ‘తండ్రి’ తీసేసి ‘అమ్మమ్మ’ అని పెట్టాలి. మా అమ్మమ్మ బావి దగ్గరికి వెళ్లనిచ్చేది కాదు, ముందు వెళ్లి గిలక చూసొచ్చేది.

ఇప్పుడు ఒక కాగితం చదువుతాను. ఏ స్కూలుదో చెప్పను. మీలో సగం మంది బీరువాలో ఇలాంటిదే ఉంటుంది. ‘విహారయాత్రలో నా కుమారుడు లేక కుమార్తెకు ఎటువంటి ప్రమాదం జరిగినను పాఠశాల యాజమాన్యమునకు ఎటువంటి సంబంధము లేదని, పూర్తి బాధ్యత నాదేనని అంగీకరించుచున్నాను.’ కింద తండ్రి సంతకం. ఇంకొక దాని మీద వేలిముద్ర. ఎవరైనా అడిగితే మనం ఏమంటాం? ‘సంతకం ఉంది కదా సార్!’

అయ్యా, ఆ సంతకం దేనికి ఉంది? పిల్లాణ్ని టూరుకి పంపడానికి ఉంది. మీరు అజాగ్రత్తగా ఉండటానికి కాదు. మీ నిర్లక్ష్యం వల్ల పిల్లాడికి జరిగిన నష్టాన్ని తండ్రి సంతకం మాఫీ చేయలేదు. కోర్టుల్లో ఈ కాగితాలు మనల్ని కాపాడకపోగా ఒక్కోసారి ముంచుతాయి. ఎందుకో ఆలోచించండి. ‘ప్రమాదం జరగొచ్చని ముందే తెలిసినట్టుందే, మరి ఏం ఏర్పాటు చేశారు’ అని అవతలి లాయరు అడిగితే?

బియాస్ నది తెలుసుగా మీకు. తెలియకుండా ఎలా ఉంటుంది, మన పిల్లలే పోయారు. 2014 జూన్ 8. హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు హిమాచల్ టూరుకి వెళ్లారు. సాయంత్రం మండి జిల్లాలో బస్సు దిగి నది రాళ్ల మీదికి వెళ్లి ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యామ్ గేట్లు ఎత్తారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ వీడియో మీ అందరి ఫోన్లకీ వచ్చే ఉంటుంది. నేను రెండోసారి చూడలేకపోయాను.

నీళ్లు వదిలింది ఎవరు? విద్యుత్ బోర్డు. అందరి కోపం వాళ్ల మీదే, సహజం. 2016 జనవరిలో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వమంది. ఆ 20 లక్షల్ని పంచింది. బోర్డు 60 శాతం, రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం. మిగతా 30 శాతం? కాలేజీ. గేట్లు ఎత్తింది కాలేజీ కాదు. నదిలోకి దిగమని చెప్పిందీ కాలేజీ కాదు. అయినా 30 శాతం. తలకి ఆరు లక్షల చొప్పున 24 మందికి లెక్కేసుకోండి, కోటీ 44 లక్షలు. పిల్లల్ని తీసుకెళ్లింది మీరు, ఆ ఊరు కాని ఊళ్లో వాళ్లకి ఉన్న పెద్ద దిక్కు మీరే.

అసలు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటి. 1995 మే 28. పఠాన్‌కోట్ దగ్గర ఒక పబ్లిక్ స్కూలు పిల్లలు పిక్నిక్‌కి వెళ్లారు. నాలుగు, ఐదు, ఆరు తరగతుల పసివాళ్లు. 14 మంది మునిగి చనిపోయారు. ఏ నదిలో? బియాస్. అదే నది. ఆ కేసు విన్నదీ హిమాచల్ హైకోర్టే. తలకి ఐదు లక్షలు ఇవ్వమంటే స్కూలు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001లో సుప్రీంకోర్టు కూడా ఇవ్వాల్సిందేనంది. వెంట వెళ్లిన టీచర్ల నిర్లక్ష్యం యాజమాన్యం ఖాతాలో పడుతుందని చెప్పింది. అంటే మీ పీఈటీ సారు, అదే ఆటల సారు, ఒడ్డున కూర్చుని వేరుశనక్కాయలు తింటుంటే ఆ నిర్లక్ష్యం మీది. 2014 నాటికి ఆ తీర్పు పుస్తకాల్లోకెక్కి 13 ఏళ్లు. టూరు ప్లాన్ చేసేవాళ్లు ఎవరైనా చదివారా? మనం చదువుతామా? హోటలు రేటు నాలుగు చోట్ల కనుక్కుంటాం.

ప్రమాదమంటే నీళ్లు, నిప్పే కాదు. బెంగళూరులో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి 2006లో స్కూలు టూరుతో ఉత్తర భారతం వెళ్లింది. దారిలో జ్వరం. ఆ జ్వరం మెదడుకెక్కింది. వెంట ఉన్న టీచర్లు సమయానికి వైద్యం చేయించలేదు. ఆ అమ్మాయి మంచానికే పరిమితమైంది. రాష్ట్ర వినియోగదారుల కమిషన్ 88 లక్షల 73 వేలు ఇవ్వమంది, జాతీయ కమిషన్ 50 లక్షలకి తగ్గించింది, 2021లో సుప్రీంకోర్టు మళ్లీ మొత్తం ఇవ్వమంది. టూరులో ఒక పిల్లకి జ్వరం వస్తే మనం ఏం చేస్తాం? నిజం చెప్పండి. బ్యాగులోంచి ఒక పారాసిటమాల్ ఇచ్చి, ‘పడుకోమ్మా, రేపు తాజ్ మహల్ చూడాలి’ అంటాం. నేనూ అన్నాను, ఒకసారి. మా అదృష్టం, అది మామూలు జ్వరం.

ప్రభుత్వ బడి హెచ్.ఎం.ల మొహాల్లో కొంచెం ధీమా కనిపిస్తోంది. ‘ఇవన్నీ ప్రైవేటు వాళ్లకి, కట్టాల్సి వస్తే సర్కారు కడుతుంది’ అని. సగం నిజం. డబ్బు సర్కారు కడుతుంది. దాని వెనక చార్జ్ మెమో, అంటే శాఖ నుంచి ఆరోపణల కాగితం, మీకొస్తుంది. 2004లో తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. మధ్యాహ్న భోజనం వండే చోటు నుంచి పూరిపాకకి అంటుకుంది. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు ఏమందంటే, చదువుకునే హక్కులోనే సురక్షితమైన బడి హక్కు కూడా ఉందని. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అని తేడా లేకుండా. మంటలార్పే సిలిండర్లు పెట్టమంది, టీచర్లకి వాడకం నేర్పమంది. మీ బడిలో సిలిండర్ ఉందా? ఉంది. ఎక్కడ? ఆఫీసు రూములో, మీ కుర్చీ వెనక. వంట గదిలో ఎందుకు లేదు? ‘ఎవరైనా ఎత్తుకెళ్తారు సార్.’

హర్యానా డబ్వాలీ సంగతి గబగబా చెప్పి వదిలేస్తాను. 1995 డిసెంబర్ 23, స్కూలు వార్షికోత్సవం పెళ్లిళ్ల హాల్లో పెట్టారు, షామియానాకి మంట, 400 మందికి పైగా పోయారు. హాలు మాది కాదన్నా స్కూలుకి తప్పలేదు. బాధ్యతలో 55 శాతం స్కూలు యాజమాన్యం, హాలు యజమానుల వైపు పడింది. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2013. ఈ మధ్య మన దగ్గర కూడా యానివర్సరీలన్నీ ఫంక్షన్ హాళ్లలోనే. వెనక తలుపు తాళం ఎవరి దగ్గరుందో అడిగారా ఎప్పుడైనా?

ఇంకొకటి, ఇది రాసుకోండి. పెద్దవాడు నష్టపరిహారం దావా వేయాలంటే గడువు ఉంటుంది. పిల్లాడు మైనరు కాబట్టి ఆ గడువు లెక్క అతనికి 18 నిండాకే మొదలవుతుంది. ఐదో తరగతిలో జరిగిన దానికి పెరిగి పెద్దయ్యాక వచ్చి అడగొచ్చు. అప్పటికి మీరు రిటైరై ఉంటారు, రిజిస్టరు చెదలు తిని ఉంటుంది.

సరే, కోర్టు కథలు చాలు. నా కథ చెప్తాను. ఏ ఊరో, ఏ బడో అడక్కండి.

మా బడికి ఇనుప గేటు ఉండేది, పక్కకి తోసేది. కింద పట్టా మీద చక్రాల మీద నడుస్తుంది. ఒక చక్రం అరిగి పట్టా దిగిపోయేది. అటెండరు రోజూ భుజంతో ఎత్తి సరిచేసి తోసేవాడు. నేను రోజూ చూసేవాణ్ని. వెల్డింగ్ వాడికి చెప్పాలి అనుకునేవాణ్ని. స్కూల్ గ్రాంటు ఇంకా పడలేదు, పడ్డాక చూద్దాం.

ఒక సోమవారం అసెంబ్లీ అయ్యాక గేటు మీద ఇద్దరు పిల్లలు ఎక్కి ఊగుతున్నారు. గేటు పట్టా తప్పి ఒరిగింది. కింద నిలబడ్డ ఆరో తరగతి వాడి పాదం మీద అంచు పడింది. రెండు వేళ్లు విరిగాయి. చెప్పు లేదు కాళ్లకి. ఆ రక్తం, ఆ దుమ్ము కలిసి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నా బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్లాను. వాడు ఏడవలేదు. దారి పొడుగునా ఒకటే మాట, ‘సార్, నేను ఎక్కలేదు సార్. నేను కింద ఉన్నాను సార్.’

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తండ్రి హమాలీ. నన్ను చూసి నులక మంచం మీద దుప్పటి పరిచాడు. నేను మాట మొదలుపెట్టే లోపే చేతులు కట్టుకుని అన్నాడు, ‘మావాడే ఏదో అల్లరి చేసుంటాడు సార్. మీకు శ్రమ ఇచ్చాడు.’

అప్పుడు నా మనసులో ఏమొచ్చిందో ఈ రోజు మీ ముందు ఒప్పుకుంటాను. హమ్మయ్య అనుకున్నాను. కేసు లేదు, పేపర్లో రాదు. టీ కూడా తాగాను. బండి స్టార్ట్ చేశాక నాకు సిగ్గేసింది. గేటు నాది, చక్రం అరిగిందని తెలిసింది నాకు, క్షమాపణ చెప్పింది ఆయన.

కథ అక్కడితో అయిపోలేదు. మర్నాడు ఏడో తరగతి అమ్మాయి ఒకతి స్టాఫ్ రూము బయట నిలబడి ఉంది. ఏంటమ్మా అంటే, ‘సార్, నేను పోయిన వారమే చెప్పాను సార్. గేటు ఊగుతోందని.’ ఎవరికి చెప్పావు? అటెండరుకి చెప్పింది. ఆయన ‘నాకు తెల్వదా’ అన్నాడు. పీఈటీకి చెప్పింది. ఆయన ‘నీకెందుకు, క్లాసుకి పో’ అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదమ్మా? తల దించుకుంది. చాలాసేపయ్యాక అంది, ‘మీ రూములోకి రావద్దంటారు సార్.’

నిజమే. మేమే పెట్టిన రూలు.

అందుకే నేను ఈ రెండు విషయాల్నీ విడదీయలేను. మనం అనుకుంటాం, నష్టపరిహారం ఒక తలనొప్పి, పిల్లల హక్కులు ఇంకో తలనొప్పి అని. ‘హక్కులు, హక్కులు అని పిల్లల్ని నెత్తికెక్కించారు, ఇప్పుడేమో కేసులంటున్నారు.’ స్టాఫ్ రూముల్లో వినే మాటే. నేను తిప్పి చెప్తున్నాను. మీ బడిలో ఏ గోడ బీట వారిందో, ఏ సంపు మూత కదులుతోందో, ఏ బస్సు డ్రైవరు పొద్దున్నే తాగొస్తాడో మీకంటే ముందు పిల్లలకి తెలుసు. వాళ్లు నోరు తెరిస్తే మీరు బతికిపోతారు. వాళ్ల నోరు మూయించడానికి మనం జీతాలు తీసుకుంటున్నాం.

‘దండం దశగుణం భవేత్’ అని ఇక్కడ ఎంతమందికి నోటికొచ్చు? అందరికీ వచ్చు. 2002లోనే ఉమ్మడి రాష్ట్రంలో విద్యా నియమావళి సవరించి బెత్తాన్ని నిషేధించారని ఎంతమందికి తెలుసు? 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునీ నిషేధించింది. ఫీజు కట్టలేదని అసెంబ్లీలో పేరు చదివి నిలబెట్టడం ఏమనుకుంటున్నారు? ప్రైవేటు సార్లు ఫోన్లు చూసుకుంటున్నారు, పర్లేదు. ఇంకా టీసీ. ఎనిమిదో తరగతి లోపు పిల్లాడు బడి మారతానంటే టీసీ వెంటనే ఇవ్వాలని అదే చట్టం ఐదో సెక్షను. ఆలస్యం చేస్తే శాఖాపరమైన చర్య ఎవరి మీద? పేరు పెట్టి మరీ రాశారు, హెడ్ టీచరు మీద. క్లర్కు మీద కాదు. టీసీ లేదని కొత్త బడి వాళ్లు చేర్చుకోకుండా ఆపకూడదు కూడా.

ఇక లైంగిక వేధింపుల విషయం. దీని మీద జోకు వేయను. ఒక పిల్ల వచ్చి చెప్పిందంటే, ‘స్కూలు పరువు పోతుంది, పెద్దల్ని పిలిచి మాట్లాడుకుందాం’ అనే హక్కు మీకు లేదు. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, 19వ సెక్షను ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు చెప్పకపోతే ఏడాది దాకా జైలు. ఇది జేబు కాదు, జైలే.

కేరళ సంగతి ఒకటి చెప్తాను, ఎందుకంటే అందులో మనలాంటి హెచ్.ఎం. ఒకావిడ ఉన్నారు. 1985. ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు, వాళ్ల మతవిశ్వాసం ప్రకారం జాతీయ గీతం పాడరు. పాడకపోయినా అందరితో పాటు గౌరవంగా లేచి నిలబడేవారు. ఏళ్ల తరబడి ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక ఎమ్మెల్యే గారి కంట పడింది, శాసనసభలో గొడవ, విచారణ. పిల్లలు బుద్ధిమంతులే, చట్టానికి లోబడి ఉండేవాళ్లే అని విచారణలో తేలింది. అయినా పైనుంచి మాట వచ్చింది, హెడ్‌మిస్ట్రెస్ ముగ్గుర్నీ బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు పిల్లల్ని మళ్లీ చేర్చుకోమంది. ఆవిడ చెడ్డావిడని నేను అనను. ‘పైనుంచి ఆర్డర్’ అంటే మనం కూడా సంతకం పెట్టేస్తాం. నేను ఎన్నిసార్లు పెట్టానో. మనకి డీఈవో, అదే జిల్లా విద్యాధికారి, ఆఫీసు నుంచి ఫోనొస్తే ఉండే భయంలో పదో వంతు ఆ పిల్లాడికి నష్టం జరుగుతుందేమోనని ఉండదు. ఇది తిట్టు కాదు. మన ఉద్యోగం మనల్ని అలా తయారు చేసింది.

మరి నువ్వేం చేశావయ్యా అంటారు. పెద్దగా ఏం లేదు. గేటుకి వెల్డింగ్ నా జేబులోంచి చేయించాను, 1400 అయింది. గ్రాంటు పడ్డాక కూడా ఆ బిల్లు పెట్టుకోలేదు. దానికి వేరే కారణం ఉందని మీకు అర్థమయ్యే ఉంటుంది. తర్వాత ఒక రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, గీతలు కొట్టి, తాడుతో నీళ్ల ట్యాంకు పక్కన గోడకి కట్టాను. నా రూము దగ్గర కాదు, అక్కడికి రారని తెలిసింది కదా. తేదీ, ఏం చూశారు, ఏ చర్య తీసుకున్నారు. మూడు గడులు. మొదటి రెండూ పిల్లలవి, మూడోది నాది. పేరు రాయక్కర్లేదు.

మొదటి వారం అంతా సినిమా హీరోల పేర్లు. ఒకరు నా బొమ్మ వేశారు, పొట్టతో సహా, బాగానే కుదిరింది. మా స్టాఫ్ నవ్వారు, ‘తీసేద్దాం సార్’ అన్నారు. ఉండనిచ్చాను. రెండో వారం నుంచి మొదలైంది. ‘ఆడపిల్లల బాత్రూం రెండోదానికి గడియ లేదు.’ ‘ఎనిమిది బి ఫ్యాను శబ్దం చేస్తోంది, కింద ఎవరం కూర్చోవడం లేదు.’ ‘సాంబారు గిన్నె ఇద్దరు చిన్నపిల్లలతో మోయిస్తున్నారు.’ ఆ చివరిది చదివి నాకు కడుపులో తిప్పింది. మరిగే సాంబారు అది. ఆ రోజు నుంచి ఆపేశాం. ఎప్పుడైనా ఎవరైనా కోర్టుకెళ్తే ‘నాకు తెలిసింది, ఫలానా తేదీన సరిచేశాను’ అని చూపించుకోవడానికి నా దగ్గర ఉన్న కాగితం అదొక్కటే. ఆ సంతకాల కట్ట కాదు. అలాగే, తెలిసి కూడా మూడో గడి ఖాళీగా వదిలేస్తే నన్ను పట్టించేదీ ఆ పుస్తకమే. అది కూడా తెలిసే పెట్టాను.

రిటైరయ్యే ముందు ఆ పుస్తకం ఒకసారి మొత్తం తిరగేశాను. మూడో గడి దాదాపు నిండింది. చిన్న చిన్న అక్షరాలతో ఒక చోట ఇలా ఉంది: ‘సార్ మేము చెప్పేటప్పుడు ఫోన్ చూస్తారు.’

ఆ గడిలో ఏం రాయాలో తోచలేదు. ఖాళీగానే ఉంది.